ఎర్ర బండి ఇంజను దించిన రోజు

మా ఆయన పోయాక నాకు మిగిలిన పెద్ద వస్తువు ఆయన ఎర్ర కారు. దాని ఇంజను తీయించేసి, ఆ చోట బ్యాటరీ మోటారు పెట్టించాలని నా కొడుకు పట్టుబట్టాడు. వద్దని నేను పట్టుబట్టాను. మొన్నటి వర్షాకాలమంతా మా ఇంట్లో ఇదే గొడవ. చూసేవాళ్ళకు ఇది బండి గొడవలాగే కనిపించి ఉంటుంది. చాలా రోజులు నేనూ అలాగే అనుకున్నాను.

నాకు సంతకం పెట్టడం వచ్చు. చర్చిలో పాటల పుస్తకం తెరిచి నంబరు వెతుక్కోవడం వచ్చు. అంతకు మించి రాదు. నేను చెబుతుంటే మా పాస్టరమ్మగారు రాస్తున్నారు. ఆవిడది విశాఖపట్నం. తెలుగు రాయడం వచ్చినవాళ్ళు మా దగ్గర తక్కువ, పిల్లలకు మాట్లాడడమే వచ్చు. నేను మొరటుగా అన్న మాటలు కాస్త సరిచేస్తానంటే సరే అన్నాను. బండి సంగతులు మాత్రం ముట్టుకోవద్దని చెప్పాను. బండ్ల మధ్యే నా కాపురం గడిచింది.

మాది చౌల్దారీ, సముద్రం మధ్య దీవిలో ఒక పల్లె. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను, ఇక్కడే నా పెళ్ళయింది. ఇల్లు ఎత్తు మీద ఉంటుంది. కింద రోడ్డు వక్కతోట పక్కన ఒక మలుపు తిరిగి పైకి వస్తుంది. వంటగదిలో నిలబడితే ఆ మలుపు కనిపించదు. అక్కడి చప్పుడు మాత్రం వాకిట్లో ఉన్నట్టే వినిపిస్తుంది.

మా ఆయన టౌనులో అబర్డీన్ బజారు స్టాండులో టాక్సీ నడిపేవాడు. అది మాకు అన్నం పెట్టిన బండి. ఎర్ర కారు సంగతి వేరు. పుట్టుకతో అది చిన్న బండి, పెళ్ళాం బిడ్డల్ని ఎక్కించుకుని బజారుకు పోయేది. ఈయన దాని ఇంజను పీకించేసి, చెన్నైలో ఎక్కడో గుద్దుకుని ముందు భాగం నుజ్జయిన పెద్ద కారు ఇంజను ఓడలో తెప్పించి దీనికి పెట్టించాడు. పెట్టినవాడు ఉస్తాద్. ఉస్తాద్ మా ఆయనకు చిన్ననాటి స్నేహితుడు. టౌనులో మెకానిక్ షెడ్డు ఉంది. వాళ్ళ పెద్దలది రాంచీ. నన్ను భాభీ అంటాడు. తెలుగు మా ఇంట్లోనే నేర్చుకున్నాడు, అందుకే సగమే వచ్చింది. ఆ ఇంజను ఆ చిన్న బండిలో పట్టక, బానెట్ కింద రేకు కోసి, సుత్తితో కొట్టి, మళ్ళీ కోసి, ఇద్దరూ ఒక వేసవి మొత్తం మా పెరట్లోనే ఉన్నారు. నేను చాయ్ పెట్టి పెట్టి అలిసిపోయాను. చివరికి బండి స్టార్టయిన రోజు మా కోళ్ళు చెట్లెక్కాయి.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన ఆ బండి తీసుకుని సముద్రం పక్క రోడ్డు మీద తిరిగి వచ్చేవాడు. వస్తూ వస్తూ కింద మలుపులో రెండుసార్లు యాక్సిలరేటర్ నొక్కేవాడు. గుర్రు, గుర్రు. అది విని నేను పులుసు పొయ్యి మీద పెట్టేదాన్ని. ఆయన చెప్పులు విప్పి చేతులు కడుక్కునేసరికి కంచం సిద్ధంగా ఉండేది. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన నాతో ప్రేమగా ఒక మాట అన్నది లేదు. ఆ రెండు గుర్రులే.

ఆయన పోయింది కూడా ఆ మలుపులోనే. వానాకాలం, సాయంత్రం. మాకు అయిదు దాటితే చీకటే కదా, దీపం పెట్టాను. బండి కింద మలుపుకు వచ్చిన చప్పుడు వినిపించింది. గుర్రు మాత్రం లేదు. పైకి రాలేదు, ఆగనూ లేదు. ఒకచోటే నిలబడి తిరుగుతోంది, డబడబమని, ఒకే మోతాదులో. ఎవరితోనో మాట్లాడుతున్నాడు అనుకున్నాను. పులుసు తెర్లింది, దించాను. ఇంకా అదే చప్పుడు. చెంగు తల మీద వేసుకుని కిందికి దిగాను. బండిని రోడ్డు పక్కకు తీసి, గేరు వదిలేసి, హ్యాండ్ బ్రేకు లాగి, మనిషి సీట్లో వెనక్కి వాలి ఉన్నాడు. గుండె ఆగిపోయే ముందు కూడా బండిని జాగ్రత్త చేసుకున్నాడు. నేను అరుచుకుంటూ పక్కింటివాళ్ళ కోసం పరిగెత్తాను. ఆ తర్వాత జరిగింది నాకు సరిగా తెలియదు. ఎవరో నన్ను పట్టుకుని ఇంట్లో కూర్చోబెట్టారు. డబడబ ఎప్పుడు ఆగిందో కూడా నాకు గుర్తు లేదు.

ఆ ఇంజను తిరుగుతూ ఉండబట్టే నేను కిందికి దిగాను. లేకపోతే తెల్లారేదాకా ఆయన వానలో ఒంటరిగా ఉండేవాడు. అందుకే అది నాకు ఇనుప ముక్క కాదు. ఆయన చివరిసారి నన్ను పిలిచిన గొంతు.

ఈ దీవుల్లో బండిని ఊరికే నిలబెడితే ఉప్పుగాలి తినేస్తుంది. బ్యాటరీ కొసలు తెల్లగా పూస్తాయి, బ్రేకులు పట్టేస్తాయి. వారానికోసారైనా స్టార్ట్ చేయాలి. నాకు నడపడం రాదు. ఉస్తాద్ చోక్ లాగడం, తాళం తిప్పడం నేర్పాడు. ప్రతి శనివారం రేకుల షెడ్డులోకి వెళ్ళి, ఆయన సీట్లో కూర్చుని, స్టార్ట్ చేసి, వేడెక్కేదాకా ఉండి, తాళం తిప్పి ఆపేసేదాన్ని. నా కొడుకు ఒకసారి షెడ్డు గుమ్మం దగ్గర నిలబడి చూశాడు. ఆ తర్వాత శనివారం పొద్దున్నే ఏదో పని చెప్పి బయటికి పోవడం మొదలుపెట్టాడు. హోటలువాళ్ళ బండి కడగాలి అనేవాడు. గ్యాస్ బుక్ చేయాలి అనేవాడు. తండ్రి బండి మీద వాడికి ప్రేమ పోయిందని నాకు కడుపు మండేది.

ఎందుకంటే వాడు చిన్నప్పుడు ఆ బండి చప్పుడు నోటితో చేసేవాడు. ఏ ప్లగ్గు మొరాయిస్తోందో వాళ్ళ నాన్న కంటే ముందు చెప్పేవాడు. అలాంటివాడు హోటల్లో బ్యాటరీ వ్యాను డ్రైవరుగా చేరాక పెట్రోలు అంటేనే ముక్కు మూసుకోవడం మొదలుపెట్టాడు.

మా ఆయన పోయినా ఆదివారం మధ్యాహ్నం ఆయన స్నేహితులు రావడం మానలేదు. షెడ్డు ముందు బెంచీ వేసుకుని కూర్చుంటారు. ఉస్తాద్ ఒకడు. ఇంకొకరు మాస్టారు, ఉత్తరాన దూరంగా ఉన్న రంగత్‌లో పుట్టి, టౌనులో బడిపంతులుగా ఉన్నారు. మా ఆయనకు తమ్ముడి వరస పెట్టుకుని నన్ను వదినా అంటారు. నా కొడుక్కి ఆయన బాబాయ్, ఉస్తాద్ చాచా. ఈ మాస్టారు కొత్తగా ఎలక్ట్రిక్ కారు కొన్నారు. అది ఓడ దిగిన దగ్గర నుంచి మా బెంచీ మీద యుద్ధమే.

"ఉస్తాద్, ఒక్కసారి తొక్కి సూడు. వీపు సీటుకి అంటుకుపోద్ది. నీ ఎర్ర బండి గేరు మార్చీలోపు నేను బజారులో చాయ్ తాగుతాను" అన్నారు మాస్టారు.

"అంటుకుపోనీ. తర్వాత? ఇక్కడ ఎటు తొక్కినా సముందరే హై మాస్టర్‌జీ. పడవకి మోటార్ పెట్టుకోవాల్సింది" అన్నాడు ఉస్తాద్.

"పొగ లేదు, చప్పుడు లేదు."

"చప్పుడు లేకపోతే అది కారా, మా ఇంటి మిక్సీనా? మిక్సీ కూడా కాదు, మిక్సీకి ఆవాజ్ ఉంది."

"గాలి సుబ్బరంగా ఉంటాది కదయ్యా."

"ఏం సుబ్బరం? నీ బండికి కరెంటు ఎక్కడిది? పవర్ హౌస్‌లో డీజిల్ కాల్చి తెచ్చిందే కదా. నీ బండీ డీజిలే తాగుతోంది, పొగగొట్టం మాత్రం పవర్ హౌస్‌లో పెట్టుకుంది. సాఫ్ ఆద్మీ!"

మాస్టారు కూడా ఊరుకునే మనిషి కాదు. "మరి మొన్న ఓడ ఆలస్యమైతే బంకు ముందు బాటిల్ పట్టుకుని నిలబడ్డది ఎవరో? మా వీధిలో అందరూ సూసారు."

"ఔర్ కరెంటు పోయిన రోజు నువ్వు స్కూలుకి నా స్కూటర్ మీద వచ్చావ్. అది ఎవరు చూశారు?"

నవ్వులు. నేను చాయ్ గ్లాసులు అందిస్తూ నవ్వేదాన్ని. కానీ లోపల ఒకటే గుబులు. వాళ్ళు ఎన్ని అనుకున్నా చివరికి మాట ఎర్ర బండి మీదికే వచ్చేది. రంగత్ దాకా ఒకే ఛార్జింగుతో పోతానని మాస్టారంటే, అడవి రోడ్డు మీద బండ్లన్నీ పోలీసు వెంట కాన్వాయ్‌గా పోవాలి, ముందు బస్సు, వెనక లారీ, నీ పికప్‌కి అక్కడ ఏం పని అనేవాడు ఉస్తాద్. గేర్లు మారుస్తూ ఎత్తెక్కితే వచ్చే సుఖం బటన్ నొక్కితే వస్తుందా అని ఉస్తాద్. ఆ మాట దగ్గర నా కొడుకు లేచి నిలబడేవాడు.

ఒక ఆదివారం అందరి ముందే అనేశాడు. "చాచా, ఈ బండి ఇంజను దించీ. మోటారు కిట్ తెప్పిస్తాను. బండి నాన్నదే, రంగు నాన్నదే. లోపల మాత్రం మారుద్ది."

ఉస్తాద్ చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. "ఏం అంటున్నావ్ బేటా? ఆ ఇంజను నేనూ మీ నాన్నా చేతులతో కూర్చోబెట్టాం."

"నాన్న కూడా ఒక ఇంజను పీకే కదా ఇది పెట్టాడు. అప్పుడు ఎవలూ ఏడవలేదు."

"ఒరే," అన్నాన్నేను, "మీ నాన్న బతికుండి మార్చుకున్నాడు. నీకేటి నొప్పి? శనివారం శనివారం నేను స్టార్ట్ చేస్తన్నాను. నీ చెయ్యి కూడా అడగడం లేదు."

"ఎన్నాళ్ళు చేస్తావమ్మా? తుప్పు పట్టిపోతంది."

"పట్టనీ. నాకూ పట్టింది."

"నీకు తెలీదులేమ్మా" అనేసి వాడు లేచి గేటు దాటి పోయాడు.

మాస్టారు మెల్లగా, "కుర్రాడు చెప్పేదాంట్లో తప్పు లేదు వదినా. రేపు పెట్రోలు బండ్లు పక్కన పెట్టమంటే ఏం చేస్తావు?" అన్నారు. ఉస్తాద్ ఆయన మీద లేచాడు. నువ్వే ఆ పిల్లాడి చెవిలో ఊదావు అన్నాడు. ఇన్నేళ్ళుగా ఎరిగినవాళ్ళు బెంచీకి ఆ చివరా ఈ చివరా ముఖాలు తిప్పుకుని కూర్చున్నారు. ఆ తర్వాత ఆదివారం ఇద్దరూ రాలేదు. పెట్టిన చాయ్ నేనొక్కదాన్నే కొంచెం తాగి మిగతాది పారబోశాను.

వాడితో మాటలు కూడా తగ్గిపోయాయి. అన్నం పెడితే తినేవాడు. ఏరా అంటే ఊఁ అనేవాడు. ఇంట్లో ఉన్నవాళ్ళం ఇద్దరమే, ఆ ఇద్దరిలో మాట లేకపోతే ఇల్లు సోమవారం నాటి చర్చిలా ఉంటుంది. బండి వల్ల కొడుకు దూరమవుతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. అయినా ఇంజను దించమని నోరు రావడం లేదు. మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేసుకున్నాను. ప్రభువు బండ్ల సంగతి ఏమీ చెప్పలేదు.

చివరికి రాజీకి వచ్చింది ఉస్తాదే. ఓ ఆదివారం మాస్టారి కారులోనే ఆయన పక్కన కూర్చుని వచ్చాడు, ముఖం మాడ్చుకుని. "భాభీ, నువ్వు ఒకసారి ఈ మిక్సీలో కూర్చో. కూర్చుని, తర్వాత చెప్పు. నీకు నచ్చకపోతే ఇంజను మాట ఇంక ఎవడూ ఎత్తడు. మాస్టర్‌జీ కూడా మాట ఇచ్చాడు" అన్నాడు.

నా కొడుకు నడుపుతానన్నాడు. నేను వాడి పక్కన కూర్చున్నాను. వెనక వాళ్ళిద్దరూ కూర్చోబోతుంటే వాడే వద్దన్నాడు, అమ్మను నేను తిప్పుకొస్తానన్నాడు.

బండి ఎప్పుడు కదిలిందో నాకు తెలియలేదు. గేటు వెనక్కి జరిగినట్టు ఉంది, అంతే. కింద టైర్లు తడి రోడ్డును నాకుతున్నట్టు చిన్న చప్పుడు. వక్కతోటలో పిట్టలు అరవడం వినిపించింది. నా గాజులు కూడా వినిపించాయి. నాకు భయమేసింది. మా ఆయన పక్కన కూర్చుంటే చప్పుడులో మనం ఏమనుకున్నా దాగిపోయేది. దీంట్లో లోపల అనుకున్నది కూడా పైకి వినిపిస్తుందేమో అనిపించింది.

సముద్రం దాకా పోయాం. వాడొకసారి తొక్కితే నా తల వెనక్కి వెళ్ళి సీటుకు కొట్టుకుంది. "దేవా!" అని అరిచాను. వాడు నవ్వాడు. చాలా రోజులకు వాడు నవ్వడం విన్నాను.

"బాగుందా?"

"కడుపులో పేగులు అక్కడే ఉండిపోయాయి. వెనక్కి పోయి తీసుకురా."

మళ్ళీ నవ్వాడు. వెనక్కి తిరిగి వస్తుంటే వాన మొదలైంది. అద్దం తుడిచే పుల్లలు అటూ ఇటూ. కింద మలుపు దగ్గరకు వచ్చాం. అక్కడ నాకు వాడి ఊపిరి వినిపించింది.

ముందు బండిలోంచేమో అనుకున్నాను. కాదు. వాడే. ముక్కుతో గబగబా పీలుస్తున్నాడు, చాలా దూరం పరిగెత్తి వచ్చినవాడిలా. చేతులు స్టీరింగు మీద తెల్లబడ్డాయి. మలుపు దాటగానే నోటితో ఒక్కసారి వదిలాడు. రోజూ పనికి పోతూ వస్తూ ఈ మలుపు దాటేవాడే కదా. రోజూ ఇలాగేనా? స్కూటరు మీద వీడొక్కడే ఉంటాడు, పైగా ఇంజను మోత. నేను పక్కన ఉండి, చప్పుడు లేకుండా, ఆ మలుపు దాటడం అదే మొదటిసారి.

"ఆపు" అన్నాను.

"ఇల్లు వచ్చీసింది కదమ్మా."

"ఆపరా."

ఆపాడు. ఆగినట్టు కూడా తెలియలేదు.

"ఏటైంది నీకు అక్కడ?"

"ఏటీ లేదు."

"నీ ఊపిరి విన్నానురా నేను."

వాడు అద్దం మీద వాన చూస్తూ చెప్పాడు. నా వైపు చూడకుండా చెప్పాడు.

"ఆ రోజు నువ్వు పక్కింటికి పరిగెత్తావు కదా. నేను డ్యూటీ నుంచి వస్తన్నాను. బండి స్టార్టింగ్‌లోనే ఉంది. నాన్న నిద్రపోతన్నాడు అనుకున్నాను. పిలిచాను. పలకలేదు. తాళం కోసం ఆయన మోకాళ్ళ మీద నుంచి చెయ్యి పెట్టాను. కడుపు తగిలింది. వెచ్చగా ఉందమ్మా. తాళం తిప్పాను."

"నువ్వా ఆపింది?"

"ఆ ఇంజను ఆగేముందు వణుకుద్ది కదా, బండి మొత్తం. వణికింది. నాన్న తల ఊగింది. ముందుకి వచ్చి, ఇలా పైకి లేచినట్టు. లేచాడు అనుకున్నాను. నాన్నా అన్నాను. నవ్వాను కూడా. బండి వణకడం ఆగిపోయింది. తల కూడా ఆగిపోయింది."

నేను వాడి వైపు తిరిగి కూర్చున్నాను.

"నువ్వు శనివారం ఆయన సీట్లో కూర్చుని ఆపుతావు చూడు, అప్పుడు నీ తల కూడా అలాగే ఊగుద్ది. ఒకసారి చూశాను. ఇంక చూళ్ళేదు." వాడు మాస్టారి కారు స్టీరింగు మీద అరచేయి పెట్టాడు. "ఇది ఆగితే వణకదమ్మా. అందుకే. పికప్పూ కాదు, పొగా కాదు. అవన్నీ చాచాతో వాదించడానికి చెప్పాను."

ఆ చప్పుడు నాకు మనిషిని చూపించింది. అదే చప్పుడు ఆగడం వీడికి మనిషిని రెండుసార్లు చంపింది. ఒకే ఇంట్లో, ఒకే బండి, నేను ప్రతి శనివారం వీడి గాయాన్ని చేత్తో కెలుకుతూ, వీడికి ప్రేమ లేదని పాస్టరమ్మగారి దగ్గర కూడా చెప్పుకుని ఏడ్చాను.

ఇంటికి పోయాం. బెంచీ మీద ఇద్దరూ లేచి నిలబడ్డారు, పరీక్ష ఫలితాల కోసం చూసే పిల్లల్లాగ. "క్యా భాభీ?" అన్నాడు ఉస్తాద్. "ఇంజను దించీ" అన్నాను. మాస్టారు గెలిచినట్టు నవ్వబోయి, నా ముఖం చూసి ఆపేశారు. ఉస్తాద్ షెడ్డులోకి పోయి బానెట్ మీద చెయ్యి వేసుకుని కాసేపు నిలబడి, చాయ్ తాగకుండానే వెళ్ళిపోయాడు.

తర్వాత వచ్చిన సెలవు రోజున దించారు. షెడ్డు దూలానికి చైన్ పుల్లీ కట్టారు. పానాలన్నీ గోనెసంచి మీద పరిచి ఉస్తాద్ అన్నాడు, "ఒకసారి స్టార్ట్ చేయాలి భాభీ. ముందు ఆయిల్ తీసేయాలి. చల్లగా ఉంటే దిగదు, అడుగున ఉండిపోతుంది. గరం చేయాలి."

అది మెకానిక్కుల పద్ధతి, నాకూ తెలుసు. కానీ ఆ సంగతి మేమెవరం ముందు అనుకోలేదు. నా కొడుకు అక్కడే ఉన్నాడు, చేతిలో డబ్బా పట్టుకుని, ఆయిల్ పట్టడానికి. బయటికి పోతాడని చూశాను. పోలేదు. డబ్బా కింద పెట్టి, తలుపు తీసి, సీట్లో కూర్చోకుండా పక్కనుంచే వంగి, చోక్ లాగి తాళం తిప్పాడు.

ఒక్కసారికే అందుకుంది. డబడబ, డబడబ. రేకులు అదిరాయి. కోళ్ళు పరిగెత్తాయి, ఇన్నేళ్ళయినా వాటికి అలవాటు కాలేదు. ఉస్తాద్ కళ్ళు మూసుకుని విన్నాడు. మాస్టారు కూడా వచ్చారు. చేతిలో రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకుని, పొగకి అన్నారు. నా కొడుకు తలుపు అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఇంజను వేడెక్కింది, చప్పుడు మెత్తబడింది. ఇంక ఆపాలి. "బస్, బంద్ కరో" అన్నాడు ఉస్తాద్.

వాడి చెయ్యి తాళం వైపు పోయింది. అక్కడ ఆగింది.

"తప్పుకో" అన్నాన్నేను.

సీట్లో కూర్చోలేదు. బయటే నిలబడ్డాను. ఎడమ చెయ్యి సీటు మీద పెట్టాను, ఆయన వీపు ఆనే చోట, గుడ్డ నునుపైపోయిన చోట. కుడి చేత్తో తాళం తిప్పాను. బండి వణికింది. సీటు నా చేతి కింద వణికింది. సీట్లో ఎవరూ లేరు. ఏదీ ఊగలేదు. ఆగిపోయింది.

నా కొడుకు చూస్తూనే ఉన్నాడు. ముఖం తిప్పుకోలేదు. కొంచెంసేపటికి వంగి డబ్బా తీసుకుని బండి కిందికి దూరాడు. ఆయిల్ నల్లగా, సన్నటి ధారగా దిగడం వినిపించింది.

ఇంజను గొలుసుకు వేలాడుతూ పైకి లేచినప్పుడు బండి ముందు భాగం దానంతట అదే పైకి లేచింది. బరువు పోయింది కదా. తల ఎత్తి ఎవరి కోసమో చూస్తున్నట్టు ఇప్పటికీ అలాగే ఉంది. మోటారు కిట్ ఇంకా రాలేదు. బ్యాటరీలు ఓడలో వేసుకోవడానికి ఏవో కాగితాలు కావాలట, ఇక్కడ ఆఫీసులో ఇంకేవో కావాలట. మాస్టారు ఫోన్లు చేస్తున్నారు. ఉస్తాద్ ఇంజనును తన షెడ్డుకు తీసుకుపోయి టార్పాలిన్ కప్పి పెట్టాడు. అమ్మనంటాడు, ఎవరికీ పెట్టనంటాడు. శనివారం పొద్దున్న నాకు ఏమీ తోచదు. షెడ్డులోకి పోయి తుడుస్తాను. తుడవడానికి ముందు భాగంలో పెద్ద గుంట తప్ప ఏమీ లేదు.

వాడు మాట్లాడుతున్నాడు. అన్నం దగ్గర కబుర్లు చెబుతున్నాడు. అది మంచిదే. దానికి ప్రభువుకు స్తోత్రం చెప్పుకుంటాను.

కానీ హోటలువాళ్ళు ఇప్పుడు వాడిని వ్యాను ఇంటికి తెచ్చుకోనిస్తున్నారు. అది చప్పుడు లేని బండి. వాన పడే సాయంత్రాలు నేను వంటగదిలో పొయ్యి ముందు నిలబడి మలుపు వైపు చెవి పెడతాను. పిట్టలు, వాన, వక్కాకులు రాలడం, అన్నీ వినిపిస్తాయి. వాడు మాత్రం వినిపించడు. మలుపులో రెండుసార్లు హారన్ కొట్టరా అన్నాను. కొన్నాళ్ళు కొట్టాడు. తర్వాత మరిచిపోతున్నాడు. గుర్తు చేయడానికి నాకు మనసు రాదు. ఆ మలుపులో వాడికి ఇంకో పని పెట్టడం ఎందుకు, గబుక్కున దాటి వచ్చేస్తే చాలు అనుకుంటాను.

పులుసు పొయ్యి మీద ఎప్పుడు పెట్టాలో తెలియక ముందే పెట్టేస్తాను. అది తెర్లి తెర్లి చిక్కబడిపోతుంది. వెనక నుంచి "అమ్మా" అంటే ఉలిక్కిపడతాను.

"ఎప్పుడొచ్చావురా?"

"ఇప్పుడే" అంటాడు, చేతులు కడుక్కుంటూ.